హాఫ్ డోమ్: కేబుల్స్ దగ్గరికి ఎన్నింటికి చేరతారన్నదే అసలు లెక్క

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. ఫ్రీమాంట్ నుంచి నలుగురు స్నేహితులు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో హాఫ్ డోమ్ అనే గ్రానైట్ కొండ ఎక్కడానికి జూలై చివరి వారంలో ఒక శనివారానికి పర్మిట్ తగిలింది. శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రికి రాత్రే బయల్దేరి, తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టి, శనివారం రాత్రికల్లా ఇంటికి చేరాలని ప్లాన్. కొండ చివర పట్టుకుని ఎక్కే ఉక్కు తాళ్లంటే, అదే కేబుల్స్ అంటే భయంగా ఉంది, హార్నెస్ (నడుముకు కట్టుకునే రక్షణ పట్టీ) కొనాలా? గుంటూరు నుంచి వచ్చిన నాన్నగారికి 62 ఏళ్లు, ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్తారు, ఆయన్ని కూడా తీసుకెళ్లొచ్చా?

హార్నెస్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ డ్రైవింగ్ ప్లాన్ మార్చండి. ఫ్రీమాంట్ నుంచి యోసెమిటీ వ్యాలీకి దాదాపు నాలుగు గంటలు. రాత్రంతా మేలుకుని వెళ్లి, పన్నెండు పదమూడు గంటలు నడిచి, మళ్లీ చీకట్లో ఆ ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకోవడం కేబుల్స్ ఎక్కడం కంటే ఎక్కువ ప్రమాదం. శుక్రవారం సెలవు పెట్టి సాయంత్రానికల్లా చేరండి. వ్యాలీలోని కర్రీ విలేజ్‌లో బస దొరికితే అన్నిటికంటే మేలు, అక్కడి నుంచి ట్రెయిల్ మొదలుకు నడిచే వెళ్లొచ్చు. దొరక్కపోతే ఎల్ పోర్టల్, అదీ లేకపోతే మారిపోసా, గ్రోవ్‌ల్యాండ్ చూడండి. శనివారం రాత్రి కూడా అక్కడే పడుకుని ఆదివారం తిరిగి రండి. ఇంకో లాభం కూడా ఉంది. మీరుండే ఊరు దాదాపు సముద్ర మట్టంలో ఉంటుంది, వ్యాలీ నాలుగు వేల అడుగుల ఎత్తులో, శిఖరం 8,800 అడుగుల పైచిలుకు. ఒక రాత్రి నాలుగు వేల అడుగుల దగ్గర నిద్రపోతే మర్నాడు పైన తలనొప్పి, వికారం వచ్చే అవకాశం కొంత తగ్గుతుంది.

ఇక కొండ సంగతి. ఎక్కాల్సిన ఎత్తు 4,800 అడుగులు. రానూపోనూ దూరం దారిని బట్టి 14 నుంచి 16 మైళ్లు. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కేది రెండు వేల అడుగుల పైచిలుకు, కాబట్టి అలిపిరిని రెండుసార్లు వరసగా ఎక్కి, తర్వాత బస్సెక్కకుండా రెండుసార్లూ నడిచే దిగినట్టు లెక్కేసుకోండి. దారిలో టీ కొట్టు ఉండదు, పైకప్పు ఉండదు, మెట్టు మెట్టుకూ కొలత మారుతుంది.

అందరి కళ్లూ కేబుల్స్ మీదే ఉంటాయి గానీ, అవి ఈ మొత్తం దూరంలో చివరి 400 అడుగులే. వెనక్కి తిరిగేవాళ్లలో చాలామందిని ఆపేది ఆ ఇనుప తాళ్లు కాదు. ఆలస్యంగా బయల్దేరి పదకొండున్నరకో పన్నెండుకో కేబుల్స్ కిందికి చేరతారు. అప్పటికి అక్కడ క్యూ, పైన మబ్బు, సీసాలో అడుగంటిన నీళ్లు, వణుకుతున్న పిక్కలు. ఆ స్థితిలో నిర్ణయాలు కూడా తప్పుతాయి. ఇంత దూరం వచ్చాం కదా అని మబ్బు కింద ఎక్కేస్తారు. అదే పది గంటలకు చేరిన మనిషికి అవే కేబుల్స్ సగం సులువు. అందుకే మీ ఏర్పాట్లన్నీ ఆ పది గంటల నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

హ్యాపీ ఐల్స్ దగ్గర ట్రెయిల్ మొదలవుతుంది. ఉదయం ఏడు దాకా షటిల్ బస్సు ఉండదు. కాబట్టి ట్రెయిల్‌హెడ్ పార్కింగ్‌లో కారు పెట్టి అర మైలు నడవాలి, ఆ సమయం కూడా కలుపుకోండి. కారులో తిండి పదార్థం ఒక్కటీ వదలకండి, పాత చూయింగ్ గమ్ ప్యాకెట్, సన్‌స్క్రీన్ లాంటి వాసన వచ్చే వస్తువులు కూడా. ఎలుగుబంట్లు తలుపు పీకేస్తాయి. పార్కింగ్ దగ్గర ఇనుప లాకర్లు ఉంటాయి, అన్నీ అందులో పెట్టండి.

నాలుగింటికి హ్యాపీ ఐల్స్‌లో అడుగు పడాలి. 0.8 మైళ్ల దగ్గర వర్నల్ ఫాల్ ఫుట్‌బ్రిడ్జ్ వస్తుంది. శుద్ధి చేసిన నీళ్లు దొరికే చివరి చోటు అదే, అక్కడ టాయిలెట్లు కూడా ఉన్నాయి. బ్రిడ్జ్ దాటాక కాసేపటికి దారి చీలుతుంది. ఎడమది మిస్ట్ ట్రెయిల్, కుడిది జాన్ మ్యూర్ ట్రెయిల్. ఎక్కేటప్పుడు మిస్ట్, దిగేటప్పుడు జాన్ మ్యూర్ మంచిది. మిస్ట్ ట్రెయిల్ దగ్గరి దారి, కానీ 317 అడుగుల వర్నల్ జలపాతం పక్కనే ఆరొందల పైచిలుకు రాతి మెట్లు. మే, జూన్ నెలల్లో తుంపర్లతో ఒళ్లంతా తడిసిపోతుంది. జూలై చివరికి నీటి జోరు తగ్గుతుంది గానీ మెట్లు తడిగానే ఉంటాయి. తడి మెట్లు ఎక్కడం ఒక ఎత్తు, అలసిన మోకాళ్లతో ఎదురొచ్చే జనం మధ్య అవే మెట్లు దిగడం ఇంకో ఎత్తు. జాన్ మ్యూర్ దారి మైలు వరకు ఎక్కువ, కానీ వంపులు తిరుగుతూ మెల్లగా దిగుతుంది. సాయంత్రానికి మోకాలి చిప్పలు దేన్ని కోరుకుంటాయో చెప్పక్కర్లేదు.

ఐదున్నరకు వర్నల్ పైకి, ఆరూ ముప్పావుకు నెవాడా జలపాతం పైభాగానికి చేరితే సరిగ్గా నడుస్తున్నట్టు. నెవాడా 594 అడుగుల జలపాతం. అక్కడికి 2.7 మైళ్లు, సుమారు రెండు వేల అడుగుల ఎత్తు పూర్తవుతుంది. ఈ రెండు జలపాతాల మధ్య ఎమరాల్డ్ పూల్ అని ఆకుపచ్చటి మడుగు, దానికి నీళ్లు తెచ్చే నున్నటి బండ సిల్వర్ ఏప్రన్ ఉన్నాయి. చూడ్డానికి మన ఊరి చెరువులా నిమ్మళంగా ఉంటుంది. అక్కడ ఈత నిషేధం. మడుగు చివర కొద్ది గజాల దూరంలోనే 317 అడుగుల లోయ. నునుపు బండ మీద ఒక్కసారి కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. 2011లో ఇక్కడే వర్నల్ పైభాగంలో ముగ్గురు కొట్టుకుపోయారు. కాళ్లు తడుపుకుంటాం, ఒక ఫొటో దిగుతాం అనే సరదా ఈ మైలున్నర దూరంలో వద్దు. కేబుల్స్‌కి భయపడేవాళ్లు కూడా ఈ నీళ్లకు భయపడరు, అదే ఇబ్బంది.

నెవాడా దాటాక లిటిల్ యోసెమిటీ వ్యాలీ వస్తుంది. ఇసుక దారి, చదును, పక్కన మెర్సెడ్ నది. ఏడున్నరకు ఇక్కడ ఉండాలి. ఇరవై నిమిషాలు ఆగి టిఫిన్ తినండి, నీళ్లు నింపుకోండి, టాయిలెట్ వాడుకోండి. ఇక్కడి నుంచి శిఖరానికి వెళ్లి తిరిగి ఇక్కడికొచ్చేదాకా, అంటే ఏడు మైళ్ల వరకు, నమ్మకంగా నీళ్లు దొరికే చోటు లేదు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. పొద్దున చల్లగా ఉంటుంది కాబట్టి దాహం తెలియదు, సగం సీసాతో ముందుకెళ్తారు. పదకొండు గంటలకు తెల్లటి గ్రానైట్ మీద ఎండ కిందినుంచి కూడా కొడుతుంది.

మనిషికి రోజు మొత్తానికి కనీసం నాలుగు లీటర్లు కావాలి. అంతా ఇంటి నుంచి మోయనక్కర్లేదు. రెండు లీటర్లతో బయల్దేరండి, ఫుట్‌బ్రిడ్జ్ దగ్గర తాగినంత తాగి నింపుకోండి, లిటిల్ యోసెమిటీలో నది నీళ్లు ఫిల్టర్ చేసి మూడు లీటర్లతో పైకి వెళ్లండి. నది నీళ్లు ఎంత తేటగా ఉన్నా వడకట్టకుండా తాగొద్దు, జియార్డియా అనే కడుపు పాడుచేసే క్రిమి ఉంటుంది. వారం తర్వాత కడుపు చెప్పే కథ బాగుండదు. నలుగురికి పిండే రకం ఫిల్టర్ ఒకటి చాలు, బ్యాకప్‌గా క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు పెట్టుకోండి. మాత్ర వేశాక కనీసం అరగంట ఆగాలని గుర్తుంచుకోండి. నీళ్లు ముంచేటప్పుడు ఒడ్డు లోతు లేకుండా, ప్రవాహం నెమ్మదిగా ఉన్న చోటే ముంచండి.

వట్టి నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. తల తిరగడం, వాంతి వచ్చేట్టుండటం, చేతివేళ్లు ఉబ్బడం ఆ లక్షణాలే, దాన్ని దాహమనుకుని ఇంకా నీళ్లు తాగితే మరింత ముదురుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో ఉంటే అవే శ్రేష్ఠం. పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలపాలి, మనిషికి రెండు ప్యాకెట్లు చాలు. తిండి గంటకోసారి కొద్దికొద్దిగా తినండి. పల్లీ చిక్కీ, ఖర్జూరం, ఉప్పు వేసిన జీడిపప్పు, చపాతీలో బంగాళదుంప కూర చుట్టినవి. పులిహోర భేషుగ్గా పనిచేస్తుంది, చింతపండు పులుపుకు త్వరగా పాడవదు, ఉప్పు కూడా అందుతుంది. పెరుగన్నం మాత్రం ఆ ఎండకు నిలవదు. శిఖరం మీద మార్మట్‌లు (పెద్ద ఉడతల్లాంటి జంతువులు), ఉడతలు బ్యాగు జిప్పు తెరిచేంత తెలివిగలవి. వాటికి పెట్టకండి, బ్యాగు వదిలి ఫొటోలకు వెళ్లకండి.

లిటిల్ యోసెమిటీ నుంచి అడవిలో ఎడతెగని ఎక్కుడు. చూడ్డానికి ఏమీ ఉండదు, తలొంచుకుని నడవడమే. శిఖరానికి రెండు మైళ్లుందనగా జాన్ మ్యూర్ ట్రెయిల్ కుడికి పోతుంది, మీరు ఎడమకు తిరగాలి. తొమ్మిదిన్నరకు సబ్ డోమ్ (అసలు డోమ్‌కు ముందుండే చిన్న గుండు) కిందికి చేరతారు. సాధారణంగా ఇక్కడే రేంజర్ పర్మిట్ చూస్తారు. సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకుండా పర్మిట్‌ను ముందే ఫోన్‌లో దించుకోండి, ఒక కాగితం కాపీ కూడా ఉంచండి. పర్మిట్ మీద పేరున్నవాళ్లు, లేదా ప్రత్యామ్నాయంగా పేరిచ్చినవాళ్లు గుర్తింపు కార్డుతో స్వయంగా ఉండాలి. వాళ్లకు జ్వరమొస్తే మిగతా ముగ్గురికీ పర్మిట్ లేనట్టే. పర్మిట్ లేకుండా పైకెళ్తే గరిష్ఠ శిక్ష 5,000 డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. వీసా మీద ఉన్నవాళ్లు ఈ సాహసం అసలు చేయకూడదు.

సబ్ డోమ్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. అది 400 అడుగుల గ్రానైట్ గుండు, దాని మీద మెలికలు తిరిగే రాతి మెట్లు. రెయిలింగ్ లేదు, నీడ లేదు, కొన్ని మెట్లు మోకాలెత్తు. పైకి పోయేకొద్దీ మెట్లు కూడా అంతరించి నున్నటి బండ మిగులుతుంది, దారి ఎటో వెతుక్కోవాలి. ఎత్తంటే భయమున్నవాళ్లకు అసలు పరీక్ష ఇదే. ఇక్కడ కాళ్లు బిగుసుకుపోతే, చేతులకు ఆనుకోవడానికి ఏమీ లేదు కాబట్టి, కేబుల్స్ కంటే ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇది హాయిగా ఎక్కగలిగినవాళ్లు కేబుల్స్ కూడా ఎక్కగలరు.

సబ్ డోమ్ తలమీద నిలబడగానే ఎదురుగా కేబుల్స్ కనిపిస్తాయి, చాలామంది గుండె జారేది ఆ క్షణంలోనే. ఎదురుగా నిలబడి చూస్తాం కాబట్టి వాలు నిటారు గోడలా అనిపిస్తుంది. నిజానికి అది దాదాపు 45 డిగ్రీలు, మధ్య భాగంలో ఇంకాస్త ఎక్కువ. అక్కడ కూర్చుని పది నిమిషాలు జనాన్ని చూడండి. వాళ్లు ఎక్కడ ఆగుతున్నారు, దిగేవాళ్లకు ఎలా దారిస్తున్నారు అన్నది గమనించండి. కన్ను అలవాటు పడ్డాక నిర్ణయం తీసుకోండి. వద్దనిపిస్తే అక్కడే కూర్చుని ఉండండి, అక్కడి నుంచి కనిపించే దృశ్యం కూడా తక్కువేం కాదు.

ఈ ఏర్పాటు ఇలా ఉంటుంది. భుజాలకు అటూ ఇటూ రెండు ఉక్కు తాళ్లు, నడుమెత్తులో. వాటిని మోసే ఇనుప స్తంభాలు పది అడుగులకొక జత. ప్రతి జత కింద అడ్డంగా ఒక చెక్క. స్తంభాలు బండలో తొలిచిన రంధ్రాల్లో ఊరికే నిలబడి ఉంటాయి, శీతాకాలంలో వాటిని పీకేస్తారు. అందుకే స్తంభం పట్టుకుని వేలాడకూడదు, పైకి లేచి వచ్చేయొచ్చు. బలమంతా తాడు మీదే. 1875లో జార్జ్ ఆండర్సన్ అనే ఆయన ఇదే బండలో రంధ్రాలు తొలిచి ఇనుప కొక్కేలు దిగ్గొట్టుకుంటూ మొదటిసారి ఎక్కాడు. అప్పటికి కొన్నేళ్ల ముందే ప్రభుత్వ భూగర్భ సర్వే వాళ్లు దీన్ని మనిషి ఎక్కలేడని రాసిపెట్టారు. ఇప్పుడున్న తరహా కేబుల్స్‌ని సియెరా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘం 1919లో పెట్టించింది.

ఎక్కేటప్పుడు చేతులతో లాక్కోకండి. చేతుల బలంతో ఎక్కితే సగం దూరంలోనే మోచేతులు బిగుసుకుపోతాయి, ఆ తర్వాతే భయం మొదలవుతుంది. పాదం మొత్తం బండకు ఆనించి, బరువు కాళ్ల మీద ఉంచి, తాడును తూకం కోసమే పట్టుకోండి. భయంతో ఒంటిని బండ మీదికి వంచితే బూటు జారుతుంది. నిటారుగా ఉంటే బూటు అడుగుభాగానికి పట్టు దొరుకుతుంది. చెక్క నుంచి చెక్కకు పది అడుగులు, అక్కడ ఊపిరి తీసుకోండి, మళ్లీ పది అడుగులు. బండ ఉల్లిపొరల్లా విచ్చుకున్న చోట్ల చిన్న గట్టులాంటి మెట్టు వస్తుంది, అక్కడొక్కచోట చేతుల బలం కొంచెం వాడాలి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అదే రెండు తాళ్ల మధ్య నుంచే. ఎదురుపడినప్పుడు చెక్క మీద ఆగి, రెండు చేతులూ ఒకే తాడు మీదికి మార్చి, దారివ్వండి. క్యూ విసుగొచ్చి తాడు బయటి నుంచి దాటుకుపోయేవాళ్లు కనిపిస్తారు. వాళ్లను చూసి నేర్చుకోకండి.

దిగేటప్పుడు బండ వైపు మొహం పెట్టి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగడమే చాలామందికి సులువు. చేతులు తాడు మీదే ఉంచి, కాళ్ల మధ్య నుంచి కింది చెక్కను చూసుకుంటూ దిగండి.

గ్లవ్స్ తప్పనిసరి. అరచేతికి రబ్బరు పూత ఉన్న తోట పని గ్లవ్స్ హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరుకుతాయి, తోలువీ బాగుంటాయి. ఉన్నివి, వదులువి జారతాయి. కేబుల్స్ అడుగున ఎవరో వదిలేసిన గ్లవ్స్ ఉంటాయి కదా అనుకోవద్దు, ఉండకపోవచ్చు, ఉన్నా అరచేతి భాగం అరిగినవే ఉంటాయి. మీవి మీరు వెనక్కి తెచ్చుకోండి, అక్కడ పారేస్తే చెత్తే. బూట్లకు మెత్తటి రబ్బరు సోల్ కావాలి. వందేళ్ల జనం తొక్కిడికి కేబుల్స్ మధ్య గ్రానైట్ నునుపెక్కింది, గట్టి ప్లాస్టిక్ లాంటి సోల్ దాని మీద నిలవదు. అరిగిన రన్నింగ్ షూస్ ఇంటి దగ్గర వదిలేయండి. కొత్త జత కొంటే కనీసం నలభై మైళ్లు నడిచాకే తీసుకురండి.

కేబుల్స్ మొదలుపెట్టేముందు బ్యాగు పక్క జేబులు ఖాళీ చేయండి. అక్కడి నుంచి జారిన స్టీల్ సీసా కిందివాళ్లకు రాయితో సమానం. ఫోన్ జిప్పు జేబులో. వాకింగ్ పోల్స్ మడిచి బ్యాగు లోపల.

ఇప్పుడు హార్నెస్. అడిగినంతవరకు నిజాయితీగా చెప్పాలంటే, ఎక్కువమంది అది లేకుండానే ఎక్కుతారు, నియమం కూడా లేదు. కానీ మీకు భయముందని చెప్పారు కాబట్టి తీసుకోండి. మనసు నిలబడితే కాళ్లు నిలబడతాయి. అయితే సరైనది తీసుకోవాలి. నడుముకు క్లైంబింగ్ హార్నెస్, దానికి రెండు కొసలున్న వియా ఫెరాటా లాన్‌యార్డ్ (ఇనుప తాళ్ల దారుల్లో వాడే రక్షణ తాడు), కొసలకు క్యారబినర్లు (తెరిచి మూసే కొక్కేలు). రెండు కొసలు ఎందుకంటే స్తంభం అడ్డు దాటడానికి ఒకటి విప్పి పైన తగిలించేదాకా రెండోది పట్టుకుని ఉండాలి. ఒకే కొస ఉంటే స్తంభం స్తంభానికీ కొన్ని క్షణాలు మీరు దేనికీ కట్టి లేనట్టే. మామూలు నైలాన్ స్లింగ్ (పట్టీ) ముక్కలతో సొంతంగా కట్టుకునేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. కాలు జారితే క్యారబినర్ తాడు వెంట కింది స్తంభం దాకా జారిపోయి అప్పుడు ఆగుతుంది. సాగని స్లింగ్ మీద ఆ కుదుపు నడుమునూ, క్యారబినర్‌నూ చాలా గట్టిగా తాకుతుంది. వియా ఫెరాటా సెట్‌లో ఆ కుదుపును మింగే కుట్ల పట్టీ ఉంటుంది, తేడా అదే. అద్దెకు తీసుకున్నా సరే, ఇంటి దగ్గర బాల్కనీ రెయిలింగ్‌కి గ్లవ్స్ తొడుక్కుని యాభై సార్లు విప్పి తగిలించి సాధన చేయండి. కేబుల్స్ మీద మొదటిసారి నేర్చుకుంటూ కూర్చుంటే వెనకున్న ముప్పైమంది ఒత్తిడి మీ మీద పడుతుంది.

హార్నెస్ ఏ పరిస్థితిలోనూ చేయలేని పని ఒకటుంది, తడి బండను పొడిగా మార్చడం. నునుపెక్కిన ఆ గ్రానైట్ వాన చుక్క పడగానే సబ్బు రాసినట్టవుతుంది. కేబుల్స్ మీద ప్రాణాలు తీసిన జారుడుల్లో చాలావాటికి తడే కారణం. పిడుగు సంగతి సరేసరి. ఎత్తుగా, బోడిగా లేచిన గుండు, దాని మీదికి ఇనుప తాళ్లు. 1985 జూలై 27న శిఖరం మీద పిడుగు పడి ఇద్దరు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. మీరు వెళ్లేది సరిగ్గా ఆ వారాల్లోనే. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుముల వానలు సియెరా పర్వతాల్లో మామూలే. పొద్దున నిర్మలంగా ఉన్న ఆకాశంలో పదిన్నర పదకొండుకు దూది ఉండల్లాంటి మబ్బులు పుట్టి, పక్కలకు కాక పైకి గోపురంలా పెరుగుతున్నాయంటే రెండు గంటల్లో ఉరుము వినిపించొచ్చు. ఆకాశంలో ఏ మూల గాలివాన మబ్బు కనిపించినా సబ్ డోమ్ దాటొద్దు. ఆ నియమానికి మినహాయింపులు పెట్టుకోకండి. పైన ఉండగా ఉరుము వినబడితే మంచి పరిష్కారమంటూ ఏదీ మిగలదు. ఉన్నా పిడుగే, దిగినా చేతిలో ఇనుప తాడే. అందుకే ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడమే మార్గం.

ఇందాకటి పది గంటల లెక్క ఇందుకే. పది, పదింపావుకు కేబుల్స్ కింద. జనాన్ని బట్టి ఎక్కడానికి ఇరవై నుంచి నలభై ఐదు నిమిషాలు. పదకొండుకు శిఖరం మీద. అరగంట, ఎక్కువైతే ముప్పావు గంట పైన. పన్నెండున్నరకల్లా సబ్ డోమ్ కూడా దిగిపోయి చెట్ల మధ్యకు చేరాలి. ఏ కారణంగానైనా పదకొండుకు సబ్ డోమ్ అడుగుకు చేరకపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. ఈ సంగతి నలుగురూ ముందు రోజు రాత్రి భోజనాల దగ్గరే ఒప్పుకుని ఉండాలి. కొండ మీద ఓటింగ్ పెడితే ఎప్పుడూ ముందుకే ఓట్లు పడతాయి.

దిగుడును తక్కువ అంచనా వేయకండి. 4,800 అడుగులు దిగేటప్పుడు తొడ కండరాలు బ్రేకుల్లా పనిచేస్తాయి, అవి అరిగాక బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. వాకింగ్ పోల్స్ అసలు ఉపయోగపడేది ఇక్కడే. రెండు రోజుల ముందే కాలి గోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగుడులో బొటనవేలు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. దిగేముందు లేసులు మడమ దగ్గర బిగించి కట్టండి. పాదంలో ఎక్కడైనా మంటగా అనిపించిన వెంటనే ఆగి టేపు వేయండి, బొబ్బ లేచాక వేసే టేపు పెద్దగా పనిచేయదు. ఇలా వస్తే నెవాడా పైకి మూడింటి లోపు, హ్యాపీ ఐల్స్‌కు ఐదు, ఐదున్నర. మొత్తం పదమూడు గంటలు. ఎక్కువమంది పది నుంచి పన్నెండు గంటల్లో ముగిస్తారు, మొదటిసారి వెళ్లేవాళ్లు ఒక గంట కలుపుకోవడం మంచిది. మనిషికొక హెడ్‌ల్యాంప్ ఉండాలి. ఫోన్ టార్చి ఒక చేతిని ఆక్రమిస్తుంది, బ్యాటరీని తినేస్తుంది. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే ఫోన్ గానీ పరికరం గానీ గుంపులో ఒక్కరి దగ్గరైనా ఉండాలి.

సాధనకు మీ ఇంటి దగ్గరే మిషన్ పీక్ ఉంది. స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు నుంచి రానూపోనూ దాదాపు ఆరు మైళ్లు, సుమారు 2,100 అడుగుల ఎక్కుడు. వారానికోసారి ఎక్కుతూ, బయల్దేరే తేదీకి రెండు మూడు వారాల ముందు ఒకే రోజు వరసగా రెండుసార్లు ఎక్కి దిగండి, భుజాన ఐదు కిలోల బ్యాగుతో, వేసుకోబోయే బూట్లతోనే. ఆరున్నర గంటల్లో పూర్తి చేసి, మర్నాడు మెట్లు మామూలుగా దిగగలిగితే మీ కాళ్లు సిద్ధంగా ఉన్నట్టు. నలుగురిలో ఎవరైనా రెండోసారి మధ్యలో ఆగిపోతే, హాఫ్ డోమ్ నాడు మీ గుంపు వేగం వాళ్ల వేగమే, ఆ లెక్కన బయల్దేరే సమయం మూడింటికి జరపండి. చివరి వారం కొండలెక్కకండి, నిద్ర పోండి.

ఇక నాన్నగారు. ముందు నియమం చూద్దాం. మీ పర్మిట్ నలుగురికి, తర్వాత అందులో మనిషిని కలపడం కుదరదు. ఆయనకు విడిగా కావాలంటే రోజువారీ లాటరీ ఉంది. వెళ్లే రోజుకు రెండు రోజుల ముందు రిక్రియేషన్ డాట్ గవ్‌లో అర్ధరాత్రి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా దరఖాస్తు చేయొచ్చు, అదే రాత్రి ఫలితం తెలుస్తుంది. మార్చిలో జరిగే ప్రధాన లాటరీలో రోజుకు మొత్తం 300 మందిలో పగటి హైకర్లకు 225 దాకా ఇస్తారు, రోజువారీలో వచ్చేవి చాలా తక్కువ. ఒకే మనిషి పేరుతో రెండు దరఖాస్తులు పడితే రెండూ రద్దవుతాయి, జాగ్రత్త.

పర్మిట్ వచ్చినా నా సలహా వద్దనే. ఆయన శక్తి మీద అనుమానంతో కాదు. ఏటా అలిపిరి ఎక్కే మనిషి పొద్దున నడకను మీకంటే బాగా నడవొచ్చు. కానీ అలిపిరిలో ఎక్కాక బస్సు ఉంటుంది, దిగుడు ఉండదు. ఎనిమిది వేల అడుగుల దగ్గర మోకాలు పట్టేస్తే ఆయన్ని దించే మార్గం మీ భుజాలో, గంటల తర్వాత వచ్చే రెస్క్యూ బృందమో. విజిటర్ బీమాల్లో చాలావాటికి ఇలాంటి ఖర్చుల మీద మినహాయింపులుంటాయి, కాగితం చదివి చూడండి. పర్మిట్ సబ్ డోమ్ నుంచి పైకే కావాలి కాబట్టి కింద మీకోసం ఆగుతాను అంటారు, అదీ వద్దు. మీరు పైన ఎంతసేపుంటారో తెలియదు, ఆయన ఒక్కరే ఎండలో కూర్చోవాలి, మీ మనసు సగం అక్కడే ఉంటుంది.

ఆదివారం ఆయన కోసం ఉంచండి అందామంటే మీ కాళ్లు ఆ రోజు పనిచేయవు. కాబట్టి శుక్రవారం పొద్దున్నే చేరగలిగితే, ఒకరు ఆయనతో కలిసి ఫుట్‌బ్రిడ్జ్ దాకా, ఓపికుంటే వర్నల్ పైదాకా వెళ్లి రండి. లేకపోతే శనివారం మీ ఇంట్లోవాళ్లెవరైనా తోడుగా ఉండి, పర్మిట్ అవసరం లేని నెవాడా చుట్టు తిప్పొచ్చు. మిస్ట్ మీదుగా ఎక్కి, నెవాడా పైన వంతెన దాటి, జాన్ మ్యూర్ మీదుగా దిగడం. ఆరేడు మైళ్లు, సుమారు రెండు వేల అడుగులు, అంటే ఆయనకు అలవాటైన కొలతే. మీరు దిగి వచ్చేటప్పటికి ఆయన కర్రీ విలేజ్‌లో కాఫీ తాగుతూ ఉంటారు.